గుండ్లకమ్మ ఒడ్డున మూడు దినములు

చెన్నపట్టణము నుండి సముద్రపుటొడ్డును ఆనుకొని ఉత్తరముగా పెదగంజాము వరకు సాగిపోవు ఉప్పునీటి కాలువను మన కోస్తా ప్రాంతపు శ్రోతలు ఎరుగుదురు. అదే బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు దానిమీద సరుకుల పడవలు బారులు తీరి నడచినవి. పెదగంజాము వద్ద అది కొమ్మమూరు కాలువతో కలిసి, కృష్ణా గోదావరీ మండలముల వరకు ఒకే జలమార్గమైనది. 1966, 1976 సంవత్సరముల తుపానులలో దెబ్బతిని, పిమ్మట పెక్కుచోట్ల పూడిపోయినది. ఈనాడు ఆ గట్టుమీద నిలిచి చూచువారికి అదొక పాత కాలువ మాత్రమే.

అయితే ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకము వెనుక ఒక కథ ఉన్నది. అది కరువును గురించిన కథ, కూడును గురించిన కథ. అంతకంటె ముఖ్యముగా, ఆపదలో ఉన్నవారికి మేలు చేయునపుడు ఆ మేలుకు బదులుగా ఏమైనను కోరవచ్చునా అన్న ప్రశ్నను గురించిన కథ. ఈ ప్రసంగములో దానిని శ్రోతల ముందుంచవలెనని మా తలంపు.

కథలోనికి పోవుటకు ముందు రెండు మూడు మాటల అర్థము తెలిసికొనుట మంచిది. క్రైస్తవ బోధలో కనికరము, కృప అను మాటలు తరచుగా జంటగా వినబడును. కనికరమనగా ఎదుటివాని బాధను చూచి మనసు కరుగుట. కృప అనగా ఎదుటివాని అర్హతను లెక్కింపక ఇచ్చుట. సంపాదించుకొన్నది కూలి యగును, కొనుక్కొన్నది సరుకగును. కృప ఈ రెండును కాదు. మూడవ మాట సువార్త, అనగా మంచి కబురు. దేవుని కృపను గూర్చి తాము విన్న కబురును ఇతరులకు చెప్పుట తమ విధి యని క్రైస్తవులు విశ్వసింతురు. ఈ మూడు మాటలును గ్రంథములో చక్కగా ఒదిగియుండును. చిక్కంతయు కడుపు కాలుచున్న జనుల నడుమ నిలిచినపుడే. ఒక చేత అన్నము, ఒక చేత గ్రంథము పట్టుకొని వచ్చిన వానిని చూచి, ఇతడు ఇచ్చుటకు వచ్చినాడా, కొనుటకు వచ్చినాడా యని లోకము అడుగును. అట్లు అడుగుట న్యాయమే.

ఆ ప్రశ్న మన తెలుగుదేశములో మిక్కిలి తీవ్రముగా ఎదురైనది ధాత కరువునాడు. మనవారు కరువులను సంవత్సరముల పేర్లతో గుర్తుంచుకొన్నారు. 1832-33లో గుంటూరు ప్రాంతమును ఊడ్చిపెట్టినది నందన కరువు. దానికే డొక్కల కరువని వాడుక. 1876లో దాపురించినది ధాత కరువు. ఆ ఏడు నైరుతి వానలు మొగము చాటువేసినవి, ఈశాన్యపు వానలును ఆదుకొనలేదు. ధాత గడిచి ఈశ్వర నామ సంవత్సరము వచ్చినది. 1877లోను తొలకరి తప్పినది. మదరాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కను, నిజాము రాజ్యములో కొంత భాగము ఎండి బీడువారినవి. మదరాసు రాజధానిలోనే 30 లక్షలకు పైగా జనులు ఆకలికిని, దాని వెంట వచ్చిన కలరా, మశూచి, జ్వరములకును బలియైనారని అంచనా. రేవులకు ఓడలలో ధాన్యము వచ్చినది, రైళ్ళలో లోపలి ఊళ్ళకును చేరినది. కాని దాని ధర కూలివాని చేతికి అందలేదు. కృష్ణా గోదావరుల ఆనకట్టలు అప్పటికే కట్టియుండుటచేత ఆ మండలములు కొంత కుదుటబడియున్నవి. ఆనాడు నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతమునకు అట్టి నీటి భాగ్యము లేదు.

1877 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగినది. విక్టోరియా రాణి భారత చక్రవర్తిని యైనట్లు అక్కడ ప్రకటించినారు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా మదరాసు రాజధానికి వచ్చి, కరువు పనులలోని ఖర్చును తగ్గించు పనికి పూనుకొన్నారు. పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగా డబ్బును చాలునని ఆయన నిర్ణయము. పౌనన్నచో మన అరసేరుకు కొంచెము తక్కువ. ఎండలో మట్టి మోయువాడు దానితో బ్రదుకజాలడని మదరాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టర్ కార్నిష్ వాదించినారు. కొన్ని నెలల పిమ్మట కూలి పెంచినారు. ఈలోగా పెక్కుమంది రాలిపోయినారు. ప్రభుత్వము ఏమియు చేయలేదనుట సత్యము కాదు. లక్షలమందికి పని చూపినది, గంజి పోయించినది. అదియును ఒక విధమైన కనికరమే. అయితే త్రాసులో తూచి ఇచ్చిన కనికరము.

ఆ కరువు పనులలో ఒకటి మనము మొదట చెప్పుకొన్న కాలువ. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములోనే చెన్నపట్టణము వద్ద మొదలైన ఆ కాలువను కరువు కూలీలచేత పొడిగించి, 1878లో నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టినారు. అందులో మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు తీసికొన్నవాడు వ్యాపారి కాడు. ఒంగోలులో క్రైస్తవ బోధకుడుగా ఉన్న అమెరికా దేశస్థుడు జాన్ ఎవరెట్ క్లౌ. మన ప్రజల వాడుకలో క్లౌ దొర.

ఆయన పనిచేసిన బాప్తిస్టు మిషనుకు అంతకు పూర్వపు చరిత్ర అంత గొప్పగా లేదు. శామ్యూల్ డే అను ఆయన 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో నిలిచినారు. 1849లో లైమన్ జూయెట్ వచ్చి చేరినారు. ఏండ్లు గడిచినను వారి బోధను స్వీకరించినవారు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమందియే. ఫలితము లేని ఈ పనిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించినారు. 1853లో ఆల్బనీ పట్టణములో అట్టి చర్చయే జరిగినపుడు, గోడమీది పటములో తెలుగుదేశమున ఒక్కటే చుక్క కనబడుటచే, దీనికి 'ఒంటి నక్షత్రము' అని పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దంపతులును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, ఈ ఊరికి ఒక బోధకుని పంపుమని ప్రార్థించినారు. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అందురు.

పండ్రెండేండ్లు గడిచిన పిమ్మట, 1866లో, క్లౌ దంపతులు ఒంగోలు చేరినారు. క్లౌ 1836లో న్యూయార్కు రాష్ట్రములో పుట్టినవారు; వయసులో మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసినవారు. గొలుసు పట్టి నేల కొలిచిన ఆ అనుభవము తరువాత ఎట్లు ఉపయోగపడినదో మనము చూడబోవుచున్నాము. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినపుడు అందులోని సభ్యులు ఎనిమిదిమంది.

అయితే ఈ కథలో క్లౌతో సమానముగా చెప్పుకొనవలసిన మరియొక వ్యక్తి ఉన్నారు. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులమున పుట్టి, తోళ్ళ వర్తకము చేయుచు ఊరూర తిరిగినవారు. అంతకు ముందే రాజయోగ సంప్రదాయములో ఉపదేశము పొంది, ధ్యానము నేర్చి, పదిమందికి చెప్పిన మనిషి. ఇందులో వింత లేదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో మాదిగ కక్కయ్య ఉన్నట్లు ఐతిహ్యము చెప్పుచున్నది గదా. గుడి తలుపులు మూసియున్నను మన పల్లెల అంచులలో పరతత్త్వ విచారణ ఎన్నడును ఆగలేదు. వర్తకము పని మీద ఏలూరు వైపు పోయినపుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నారు. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందినారు. తన పల్లెకు పోయి బంధువులకు చెప్పినారు. మరుసటి ఏడు ఆరంభమున క్లౌ ఆ పల్లెకు పోవుసరికి అక్కడ ఇరువదిమందికి పైగా సిద్ధముగా కూర్చొని యున్నారు. ఒంగోలు సీమలో సువార్తను తొలుత పంచినది దొర నోరు కాదు, తోళ్ళ వర్తకుని నోరు అని చరిత్రకారుడు వ్రాసికొనవలసి యున్నది.

ఇక్కడనే మొదటి పరీక్ష వచ్చినది. ఒంగోలులో అగ్రకులములవారు కొందరు క్లౌ వద్దకు వచ్చి, బోధను ఆసక్తితో వినుచుండిరి. వారి పిల్లలు ఆయన బడికి వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొనినచో మేము రామని వారు చెప్పివేసినారు. పలుకుబడి గలవారు కొందరా, ఏమియు లేనివారు పెక్కుమందియా అన్నది ఆనాటి చిక్కు. ఆ రాత్రి తాను ఒక గదిలోను, తన భార్య హారియెట్ వేరొక గదిలోను, ఒకరికొకరు చెప్పుకొనకయే బైబిలు తెరువగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగము కనబడినదని క్లౌ తరువాత వ్రాసికొన్నారు. లోకములో నీచులని తలపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనన్న అర్థము గల భాగమది. ఆ సంఘటనను విశ్వాసులు దైవసంకల్పమందురు, ఇతరులు యాదృచ్ఛికమందురు. ఫలితము మాత్రము నిశ్చయము: మాదిగలు లోనికి వచ్చినారు, బడిలోని అగ్రకులముల పిల్లలు వెడలిపోయినారు.

వచ్చినవారికి మార్గము సుఖముగా లేదు. ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు: ఈ మూడును వారికి పెట్టిన నియమములు. చదువుటకు చిన్న నియమములే. కాని జాతరలో డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డును లాగివేయుట, పిలిచిన తక్షణమే పొలమునకు పోవుట అను వెట్టి కట్టుబాట్లమీద నిలిచిన పల్లెలో, ఆ మూడింటిని పాటించువాడు ఊరినే ఎదిరించినవాడగును. నీళ్ళు బంద్, కూలి బంద్, కొన్నిచోట్ల దెబ్బలు. ఇట్టివన్నియు సహించి, కరువు వచ్చునాటికి సంఘము కొన్ని వేలమందికి పెరిగినది.

ఇక కరువు వచ్చినది. ఇతర తవ్వకపు శిబిరములకు పోయిన అంటరానివారిని మేస్త్రీలు కసరి తరుముచున్నారని, చేతికి రావలసిన కూలి చేతికి రాలేదని క్లౌ వద్దకు మొరలు వచ్చినవి. అన్నదానము చేయుటకు ఆయన వద్ద అంత ధనము లేదు. ఉన్నను, పనిచేయగల మనిషిని బిచ్చగానిగా కూర్చుండబెట్టుటకు ఆయన మనసు ఒప్పలేదు. కాలువ అధికారుల వద్దకు పోయి, మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు అడిగి తీసికొన్నారు. నక్షా చదువుట, మట్టము చూచుట, మట్టిని ఘనపు కొలతలో లెక్కించుట ఆయనకు సర్వేయరు రోజులనాటి విద్య. శిబిరము వేసి, రమారమి 30 మంది తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించినారు. ఒక్కొక్కరి క్రింద నూరుమంది చొప్పున మొత్తము మూడువేలమంది వరకు అక్కడ తవ్వినారు. మగవారు గడ్డపారలతో నేలను పెకలించగా, ఆడువారు తట్టలతో మట్టి మోసి గట్టున పోసినారు. కూలి సరిగా చేతిలో పడుచున్నదన్న కబురు పల్లెలకు పాకి, జనులు ఇంకను వచ్చినారు. కలరా అక్కడికిని వచ్చినది. నిన్న తట్ట మోసినవారు నేడు లేకపోయిన దినములు అక్కడను ఉన్నవి.

మధ్యాహ్నపు విరామమున, సాయంత్రము పని ముగిసిన పిమ్మట, కూలీలు చెట్ల నీడను, గుడిసెల ముందర కూర్చుండెడివారు. వారి మేస్త్రీయే వారి బోధకుడు. పగలెల్ల కొలత చూచినవాడే సాయంత్రము వారి నడుమ కూర్చొని క్రీస్తు కథ చెప్పెడివాడు. ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు రమ్మని పిలిచి, విశ్రాంతి ఇత్తునని క్రీస్తు పలికినట్లు మత్తయి సువార్తలో ఉన్న మాటను వారు మాటిమాటికి అడిగి చెప్పించుకొనెడివారట. నెత్తిమీది తట్టను అప్పుడే దించిన మనిషికి ఆ మాట ఎట్లు వినబడియుండునో మనము ఊహించుకొనవచ్చును. కృప అను పదము వారికి పరాయిది కాదు. భజనలలో, తత్త్వములలో, రామదాసు కీర్తనలలో తెలుగువాడు యుగములుగా దేవుని దయను వేడుచునే ఉన్నాడు. క్రొత్తది ఏదనగా, ఆ దయ నీకును ఉన్నదని, దానికి కులము అడ్డు కాదని, దానిని పొందుటకు గుడి లోపలికి పోవలసిన పని లేదని, తమ కులమువాడే తమ భాషలో తమ ప్రక్కన కూర్చొని చెప్పుట.

కొన్ని నెలలు గడుచుసరికి వందలు, పిమ్మట వేలమంది బాప్తిస్మము అడిగినారు. ఇప్పుడు మన ప్రశ్న సూటిగా ఎదుట నిలిచినది. సంఖ్య పెరుగవలెనని కోరు మిషనరీకి ఇంతకంటె అనుకూల కాలము వేరొకటి ఉండదు. జనులు తామే వచ్చుచున్నారు, తామే అడుగుచున్నారు. ఆ కాలములో క్లౌ చేసిన పని ఏమనగా, రిజిస్టరు మూసివేయుట. 1877 మార్చి మొదలు 1878 జూన్ వరకు, 15 నెలల పాటు, ఒంగోలు సంఘము ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూడు పెట్టు చేతి నుండి మతము పుచ్చుకొన్నవాడు, రేపు తన మనసును తానే నమ్మలేడు. లోకము వానిని బియ్యపు క్రైస్తవుడనును. అంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి ఉన్నది. కృప అని చెప్పబడిన వస్తువు అక్కడ కూలిగా మారిపోవును. ఇచ్చినది గింజలైనను సరే, బదులు అడిగినచో అది వర్తకమే.

కడుపున పడిన గంజికి ఎవరి పేరును వ్రాయకుండుట ఆ 15 నెలల అర్థము. క్రైస్తవుడు కాదలచుకొన్న వానికిని, కాదలచుకొనని వానికిని కాలువ గట్టుమీద కూలి ఒక్కటే. మిషనరీ చరిత్రలో వేలమందికి బాప్తిస్మము ఇచ్చిన సంఘటనలను గొప్పగా చెప్పుకొనుట వాడుక. మాకు మాత్రము వేలమందికి ఇయ్యక నిలిపిన ఆ 15 నెలలే ఈ కథలో గొప్ప భాగముగా తోచుచున్నవి.

1878లో బహుధాన్య నామ సంవత్సరము ప్రవేశించినది. పేరుకు తగినట్లు పంటలమీద ఆశ కలిగినది. కరువు సహాయపు డబ్బు ముగియనున్నది. ఇక పంచుటకు ఏమియు లేదని చెప్పి జనులను ఇండ్లకు పంపివేయుటకు క్లౌ వారిని ఒంగోలుకు రావద్దని, ఊరికి ఉత్తరముగా పది మైళ్ళ దూరమున, గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని కబురు చేసినారు. వేలమంది వచ్చినారు. ఇక సహాయము లేదని ఆయన స్పష్టముగా చెప్పినారు. మాకు సహాయము అక్కరలేదని వారు బదులు చెప్పినారు. తవ్వకములో బొబ్బలెక్కిన చేతులు చూపి, పనిచేసి బ్రదుకగలమని, రానున్న పంటయు పోయినచో చావవలసినదే యని, చచ్చినను క్రైస్తవులుగా చావగోరుచున్నామని, తమకు బాప్తిస్మము ఇమ్మని అడిగినారు. ఆయన వద్ద ఇక నిరాకరించుటకు కారణము లేకపోయినది.

ఆ సంఘములో బాప్తిస్మమనగా శిశువులకు ఇచ్చునది కాదు. విశ్వాసమును తన నోట ఒప్పుకొన్న మనిషిని నీటిలో పూర్తిగా ముంచి లేవనెత్తుట. ఎవరి పల్లెవారిని ఆ పల్లె బోధకుడు విచారించి, ఎరిగినవారిని మాత్రమే ముందుకు పంపినాడు. తక్కినవారిని ఆగుమన్నారు. 1878 జూలై 2న 614 మంది నదిలో దిగినారు. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు దినములలో మొత్తము 3,536 మంది. జూలై 3న తెల్లవారినది మొదలు, నడుమ ఎండవేళ విరామముతో, సాయంత్రము వరకు ఆ పని సాగినది. పేర్లు చదువువారు గట్టున నిలిచి పేర్లు చదివినారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినారు. క్లౌ ఆ దినమున ఒక్కరికిని ఇయ్యలేదు. ఆయన ఒడ్డున ఉన్నారు. సంవత్సరము ముగియుసరికి ఆ ఏడు బాప్తిస్మము పొందినవారి లెక్క తొమ్మిదివేలు దాటినది. మూసివేయుదమా యని అనుకొన్న మిషను ఇది.

ఈ కబురు అమెరికాకు చేరినపుడు సంతోషించినవారితో పాటు సందేహించినవారును ఉన్నారు. ఇంత తొందరగా, ఇంతమందిని చేర్చుకొనవచ్చునా? కరువు గడిచి ఎన్ని దినములైనది? ఈ ప్రశ్నలను మనము కొట్టివేయరాదు. నిష్పక్షపాతముగా చూచువానికి ఇంకను కొన్ని తోచును. మనకు దొరకు వృత్తాంతములు మిక్కిలి భాగము మిషనరీలు వ్రాసినవే. నీటిలో దిగిన ఆ 3,536 మంది తమ మనసులోని మాటను కాగితముమీద పెట్టలేదు. వారిలో పెక్కుమందికి అక్షరము రాదు. వారిలో ఆకలినాటి కృతజ్ఞత లేదని ఎవరు చెప్పగలరు? మనిషిగా చూచిన చోటికి మనిషి పోవును గదా. అణగియున్న కులమునకు ఒక గౌరవపు దారి కనబడుట కూడ అందులో ఒక బలమైన కారణమై యుండవలెను. ఒక మనిషి మనసులో భక్తి ఎంత, కృతజ్ఞత ఎంత, ఆత్మగౌరవపు దాహమెంత అని విడదీసి తూచుటకు టెంపుల్ దొర పౌను వంటి తూనికరాయి మనవద్ద లేదు.

కాని ఒక తేడాను మాత్రము చరిత్ర చూడగలదు. సహాయము సాగుచుండగా చేర్చుకొనుట వేరు. సహాయము ముగిసినదని చాటి, పొండని చెప్పిన పిమ్మట మిగిలినవారిని చేర్చుకొనుట వేరు. మనసు లోపలికి చూడలేని మనుషులు, తమ కనికరము వెల కట్టబడకుండుటకు చేయదగిన పని అదొక్కటియే. కనికరమునకు, సువార్తకు నడుమ ఖాళీ విడిచినారు. ఎదుటివాడు కాదని చెప్పి వెళ్ళిపోవుటకు చోటు ఉంచినారు. వెళ్ళిపోవుటకు చోటున్న యింటికి వచ్చినవాడే అతిథి. లేనిచో వాడు బందీ.

తరువాతి కథ దీర్ఘమైనది. పల్లెలలో బడులు వెలసినవి. పలక పట్టరాదన్న పిల్లలు పలక పట్టినారు. సంఘములలోనికి కులభేదములు వేరు రూపమున మరల ప్రవేశించుటయు జరిగినది; ఒక్క నదీస్నానముతో శతాబ్దముల కట్టుబాటు కరుగదు. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూసినారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా గ్రంథస్థము చేసిన జీవితకథ 1914లో వెలువడినది. గుండ్లకమ్మ ఘట్టమునకు పదునేడేండ్ల పిమ్మట, 1895లో, వినుకొండలో ఒక క్రైస్తవ గృహమున గుఱ్ఱం జాషువా పుట్టినారు. గుడిలోనికి పోరాని మనిషి తన ఆకలిని, అవమానమును కాశీలోని శివునికి విన్నవించుమని గబ్బిలముతో సందేశము పంపినట్లు ఆయన 1941లో కావ్యము వ్రాసినారు. దేవుని కృప అందరిదైనచో మనుషుల తలుపు ఏల మూసియున్నదని ఆ కావ్యము అడుగుచున్నది. కాలువ గట్టుమీద సాయంకాలముల వేళ ఆ కూలీలు తమలో తాము అడుగుకొన్న ప్రశ్నయు అంతకంటె భిన్నమై యుండదని మా నమ్మకము.

ఒంగోలు ప్రాంతము 1970లో వేరు జిల్లాయై, 1972లో ప్రకాశం జిల్లా యని పేరు పొందినది. వెల్లంపల్లి నేడును ఉన్నది, గుండ్లకమ్మయు ఉన్నది. నల్లమలలో పుట్టి, వాననుబట్టి పొంగుచు, ఎండనుబట్టి సన్నగిల్లుచు అది సముద్రమునకు పోవుచున్నది. విశ్వాసులు ఆ ఒడ్డును పుణ్యస్థలముగా తలంతురు. విశ్వాసము లేనివారు, వేరు విశ్వాసము గలవారు కూడ అక్కడ ఒక్క సంగతిని నేర్చుకొనవచ్చును. వరద వచ్చినపుడు, తుపాను వచ్చినపుడు, కరువు వచ్చినపుడు మనమందరము ఏదో ఒకటి ఇచ్చుటకు పోవుచుందుము. కొందరు మతము పేర, కొందరు పార్టీ పేర, కొందరు తమ కీర్తి పేర ఇత్తురు. పుచ్చుకొనువాని ముందర చేయి చాచినపుడు, ఆ చేతిలో అన్నము మాత్రమే ఉన్నదా, మరియొక చేతిలో వ్రాయించుకొనుటకు రిజిస్టరు కూడ ఉన్నదా యని ఒక్కసారి చూచుకొన్నచో చాలును. ఉన్నచో, దానిని కొన్ని నెలలు మూసి పెట్టుట మంచిది.